నేల టికెట్టు, చెక్క కిరీటం: కత్తి సినిమాలు మన వాడకు ఎందుకు నచ్చాయి?

మూడేళ్ళ కిందట ఒక సదస్సులో నేను జానపద సినిమాల మీద ఒక వ్యాసం చదివాను. చదవడం అయిపోయాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, దళిత చరిత్ర మీద పని చెయ్యాల్సిన పిల్లలు అట్టకోటల మీదా, తీగలకు వేలాడే గుర్రాల మీదా ఎందుకు కాలం పాడుచేసుకుంటున్నారని అడిగాడు. హాలంతా నవ్వింది. ఆయన మాటలో దురుద్దేశం ఏమీ లేదు. మన ఉద్యమాల్లో కూడా చాలామంది అభిప్రాయం అదే. రాజులు, రాకుమార్తెలు, మాంత్రికులు ఉన్న సినిమా అంటే ఫ్యూడల్ భావజాలం, జనాన్ని మత్తులో ఉంచే సరుకు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ రోజు నేను జవాబు చెప్పలేక కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి మా నాయినకు ఈ సంగతి చెప్తే, "ఆయినె ఎన్నడన్న నేల మీద కూసోని సూసిండా?" అని అడిగిండు.

మా నాయిన పన్నెండేళ్ళప్పటి నుంచి జీతం ఉన్నాడు. పగలు బర్లు కాసుడు, రాత్రి దొడ్డి కాడ పండుడు. 1970లలో కోదాడ దిక్కు ఊళ్ళల్లో డేరా టాకీసులు తిరిగేవి. పట్నంలో ఆడి ఆడి అరిగిపోయిన ప్రింట్లు ఏళ్ళ తర్వాత అక్కడికొచ్చేవి. 'అగ్గిపిడుగు', 'చిక్కడు దొరకడు', 'గండికోట రహస్యం' ఆయన చూసింది అట్లానే. రీలు తెగితే ఈలలు, అతికించేదాకా గొడవ. నేల టికెట్టు చారానా. ఆ చారానా కోసం దొర ఇంట్లో ఎవరికీ తెలవకుండా ఆయన ఏమేం చేశాడో ఇక్కడ రాయను గానీ, దొరికిపోతే తన్నులు పడతాయని తెలిసీ చేశాడు. అంత ఖరీదు పెట్టి ఒక మనిషి కొనుక్కున్నదాన్ని మనం 'మత్తు' అని కొట్టేసే ముందు కాస్త ఆగాలని నా వాదన.

ముందుగా ఆ నేల గురించి. శ్రీలంక పండితుడు కార్తిగేసు శివతంబి 1981లో తమిళ సినిమా మీద రాస్తూ, తమిళులంతా ఒకే కప్పు కింద కూర్చుని ఒకే ఆటను చూసిన మొదటి చోటు సినిమా హాలేనని గుర్తించాడు. గుళ్ళో కచేరీకి మనకు ప్రవేశం లేదు. దొర గడీలో ఆట ఆడిస్తే గోడ అవతల నిలబడి వినాలి. టాకీసులో మాత్రం టికెట్టు కొన్నవాడు లోపలికి పోవచ్చు. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు ఉండేవి, నిజమే. కాని ఆ తరగతిని పైసలు నిర్ణయించాయి. దొర కుర్చీలో కూర్చున్నా తెర వాడికీ అదే, నాకూ అదే అని మా నాయిన ఇప్పటికీ అంటాడు. ఇంకొక మాట కూడా అంటాడు: నేల మీద కూర్చున్నవాడే తెరకు దగ్గర.

ఆ తెర మీద వాళ్ళు చూసింది కత్తిని. నన్నడిగితే ఈ సినిమాల అసలు సంగతి రాజు కాదు, కత్తి. పుట్టుకను బట్టి ఆయుధం ఎవరు పట్టాలో, ఎవరు పట్టకూడదో నిర్ణయించిన సమాజం మనది. అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో దీన్ని సూటిగా చెప్పాడు. చాతుర్వర్ణ్యం కింది కులాలను నిరాయుధుల్ని చేసింది, ఆయుధం లేకనే తిరుగుబాటు లేకపోయింది అన్నది ఆయన వాదన. ఆయన కుటుంబం సైన్యంలో పనిచేసిన కుటుంబం. 1818 జనవరి 1న కోరెగావ్‌లో పోరాడిన మహర్లను, పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి 'యుద్ధజాతులు' కారంటూ అదే ఇంగ్లీషు సర్కారు సైన్యంలో చేర్చుకోవడం మానేసింది. మహర్ రెజిమెంటు మళ్ళీ 1941లో గానీ రాలేదు. కత్తి చేతిలోంచి లాగేసుకోవడం అనేది మనకు పురాణకాలం నాటి కథ మాత్రమే కాదు, తాతల కాలం నాటి సర్కారీ ఉత్తర్వు కూడా.

ఇప్పుడు తెలుగు సినిమాలో మనం ఎట్లా కనిపించామో చూడండి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. ఆ కాలానికి అది సాహసమే, కాదనను. కాని తీసిన సారథి ఫిలింస్ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు. ఆ సినిమాలో మనవాళ్ళు సంస్కరణకు నోచుకోవాల్సిన వాళ్ళు, జాలి పడదగిన వాళ్ళు. తర్వాత వచ్చిన సాంఘిక చిత్రాల్లో ఆ మాత్రం చోటు కూడా పోయింది. పాలేరుగా, చెప్పులు కుట్టేవాడిగా, దండం పెట్టి పక్కకు తప్పుకునేవాడిగా మిగిలాం. సాంఘికంలో మాలవాడి పేరు ఉంది గాని చేతిలో కత్తి లేదు. జానపదంలో మాలవాడి పేరు లేదు గాని, ఎవడో ఒక గుడిసెలో పెరిగినవాడి చేతికి కత్తి వచ్చింది. నేల మీద కూర్చున్నవాడు రెండోదాన్ని ఎంచుకుంటే అది అమాయకత్వం అంటామా?

కాలం సంగతి కూడా గమనించాలి. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. 1949లో జాగీర్లు పోయాయి. సరిగ్గా ఆ 1949లోనే 'కీలుగుర్రం' విడుదలైంది. దాన్ని తీసి, దర్శకత్వం వహించింది ఎవరో కాదు, మీర్జాపురం రాజా. నేల మీద ఎస్టేటు పోతున్న రోజుల్లో ఒక జమీందారు తెర మీద రాజ్యం కట్టుకున్నాడు. 1951 మార్చిలో 'పాతాళభైరవి', అదే ఏడు అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు కత్తి సినిమాలకు కొదవ లేదు. 1971లో మాజీ సంస్థానాధీశులకు ఇచ్చే రాజభరణాలు రద్దయ్యాయి. దాదాపు అప్పటికే జానపదం వాడిపోవడం మొదలైంది. ఒకదానికొకటి కారణమని నేను అనడం లేదు. కాని రాజులు నిజంగా ఉన్నప్పుడు జనానికి రాజుల సినిమా అంత అవసరపడలేదనీ, రాజులు పోతున్నప్పుడు వాళ్ళు పోవడాన్ని ఏదో ఒక విధంగా ఆడి చూసుకోవాల్సి వచ్చిందనీ నాకు అనిపిస్తుంది.

ఈ సినిమాల్లో పెద్ద పేరు బి. విఠలాచార్యది. 1920లో ఉడిపి దగ్గర పుట్టి, కర్ణాటకలో హోటలు నడిపి, టూరింగ్ టాకీసు నడిపి, ఆ తర్వాత సినిమాలు తీయడానికొచ్చిన మనిషి. 1999లో చనిపోయాడు. టూరింగ్ టాకీసు నడిపినవాడు కాబట్టే నేల టికెట్టువాడు ఎక్కడ ఈల వేస్తాడో ఆయనకు తెలుసు. 'బందిపోటు' (1963), 'అగ్గిపిడుగు' (1964), 'జ్వాలాదీప రహస్యం' (1965), 'అగ్గిబరాటా' (1966), చివరి దశలో 'జగన్మోహిని' (1978). డబ్బు తక్కువ, సెట్టు అదే, బట్టలు అవే. కోట గోడ మీద చెయ్యి పడితే ఊగుతుంది. పెద్ద హీరోలు కాల్షీట్లకు తిప్పలు పెడితే ఆ పాత్రను శాపం పేరుతో చిలుకగానో మేకగానో మార్చి షూటింగు కానిచ్చేవాడని సినిమావాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. నిజమో కట్టుకథో గాని, ఈ కథ చెప్పేటప్పుడు కూలి చేసుకునేవాళ్ళ మొహాల్లో వచ్చే వెలుగు నేను చూశాను. నువ్వు రాకపోతే పని ఆగిపోదు అన్న మాట వాళ్ళు జీవితమంతా దొరల దగ్గర పడినది. హీరోకు కూడా ఆ మాట పడిందంటే నవ్వు రాదా?

'జగన్మోహిని'లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తుంది. మా అమ్మ ఆ సీను గురించి మాట్లాడినప్పుడు భయం గురించి చెప్పదు. "కట్టెల కోసం అడివికి పోయే బాధ లేదు దానికి" అంటది. నేను పీహెచ్‌డీలో ఎన్ని సిద్ధాంతాలు చదివినా ఆ సీనుకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకలేదు. ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఈ సినిమాలను వెనకేసుకు రాలేను. రాకుమార్తె గెలుచుకునే వస్తువు, పొగరుబోతు ఆడదాన్ని లొంగదీయడమే వినోదం. అడవి జనం సంగతి ఇంకా దారుణం. ఒళ్ళంతా నల్ల రంగు పూసి, ఈకలు కట్టి, అర్థం లేని కూతలు కూయించారు. కోయల గురించీ గోండుల గురించీ పట్నం పిల్లలకు తెలిసిందల్లా ఆ కూతలే అయ్యాయి.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. గుడిసెలో పెరిగినవాడి చేతికి కత్తి వచ్చిందన్నాను కదా. చాలా సినిమాల్లో వాడు గుడిసెవాడు కానే కాదు. పసితనంలో తప్పిపోయిన రాజు కొడుకు. 'గులేబకావళి కథ' (1962) నాయకుడు కోటకు దూరంగా పెరుగుతాడు గాని రాజు బిడ్డే. 'అగ్గిపిడుగు' కవలల్లో నడిచేది కూడా రాచనెత్తురే. చివరి రీలులో పుట్టుమచ్చో, మెడలో హారమో, ముసలి సేవకుడి నోట పాత కథో బయటపడుతుంది. అందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఓహో, అందుకే వీడికి ఇంత ధైర్యం, ఇంత కత్తి విద్య అని లోకం తేల్చుకుంటుంది. నెత్తురు నెత్తురే అని తేలుతుంది. ఇది కులధర్మం కాక మరేమిటి?

ఇంకొకటి. ఈ సినిమాల్లో దుర్మార్గుడు ఎప్పుడూ రాజు కాడు. మంత్రి, సేనాధిపతి, రాజు బావమరిది, మాంత్రికుడు. రాజనాల కళ్ళెర్రజేసి నిలబడితే ఆ పక్కన రాజు పాపం ఏమీ తెలియని పెద్దమనిషి. దొర మంచోడే, గుమాస్తానే దొంగ అని మా ఊళ్ళో ఎన్నేళ్ళు అనుకున్నామో ఆలోచించండి. ఆ అబద్ధం ఇక్కడ రంగులేసుకుని కనబడుతుంది.

'పాతాళభైరవి' ఒక్కటి ఇందులో వేరు. కె.వి. రెడ్డి తీసిన ఈ సినిమాలో తోటరాముడు తోటమాలి కొడుకు. మొదటి రీలులో తోటమాలి కొడుకు, చివరి రీలులో కూడా తోటమాలి కొడుకే. ఎక్కడా పుట్టుమచ్చ బయటపడదు. ఉజ్జయిని రాజు కూతుర్ని ప్రేమించి కోటలో దొరికిపోతే, నాతో సమానమైన సంపద తెస్తే పిల్లనిస్తానని రాజు అంటాడు. రాముడు నేపాళ మాంత్రికుడి వెంట పోతాడు. తనను బలి ఇవ్వబోయినవాణ్ణే బలి ఇచ్చి ప్రతిమ తెచ్చుకుంటాడు. అంటే ఇక్కడ రాజు అడిగింది నెత్తురు కాదు, ఆస్తి. 1951 నాటికి ఆ మార్పు ఎంత కొత్తదో! కులం అడగని, పైసలు మాత్రమే అడిగే లోకం వస్తుందన్న ఆశ అందులో ఉంది. ఆ ఆశ ఎంత నిజమైందో మనకు తెలుసు. అయినా మా నాయినకు అన్నిట్లోకీ ఎక్కువ ఇష్టమైన సినిమా ఇదే. ఎందుకని అడిగితే, "ఆడు తోటోడే గద" అన్నాడు.

పుట్టుక మార్చే ఈ పని ఒక్క తెలుగు సినిమాదే కాదు. పక్కన తమిళంలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మదురై వీరన్ అరుంధతీయుల వీరుడు. తమిళనాడు అరుంధతీయుల్లో చాలామంది ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు, మనవాళ్ళే. కథ నడిచేది తెలుగు నాయకరాజుల కాలంలో, తిరుమల నాయకుడు (1623–1659) మదురైని ఏలిన రోజుల్లో. చెప్పులు కుట్టేవాళ్ళ ఇంట పెరిగిన వీరన్ పాలెగాడి కూతురు బొమ్మిని ప్రేమించి తీసుకుపోతాడు. మదురై వచ్చి దొంగల బెడద తీరుస్తాడు. చివరికి కోటలోని వెళ్ళయమ్మాళ్‌తో సంబంధం అంటగట్టి ఒక కాలు, ఒక చెయ్యి నరికిస్తారు. చచ్చి దేవుడయ్యాడు. నేటికీ మీనాక్షి గుడి తూర్పు గోపురం దగ్గర చిన్న గుడిలో కావలివాడుగా నిలబడి ఉన్నాడు. గుడి లోపలికి మాత్రం కాదు, గుమ్మం దగ్గర.

ఇంత స్పష్టంగా మాదిగవాడ కథ అయినదానికి అచ్చులో వచ్చిన పాటల్లో ఒక ముందుకథ ఉంది. వీరన్ కాశీ రాజుకు పుట్టాడట, అపశకునమని అడవిలో వదిలేస్తే చెప్పులు కుట్టే దంపతులు పెంచారట. తమిళ కథాగేయాల్లో కులం దాటిన పెళ్ళిళ్ళను సరిచేయడానికి ఇలాంటి అతుకులు వేశారని నా. వానమామలై వంటి జానపద పరిశోధకులు ఎత్తిచూపారు. 1956లో ఎం.జి. రామచంద్రన్‌తో తీసిన 'మదురై వీరన్' ఈ అతుకునే పట్టుకుంది. దర్శకుడు డి. యోగానంద్, మన తెలుగు సినిమాలకూ తెలిసిన పేరే. సినిమా వీరుణ్ణి రాజు కొడుకుని చేసింది, కాని కాలూ చెయ్యీ నరకడం తీసెయ్యలేదు. నెత్తురు మార్చినా శిక్ష మారలేదన్నమాట. చూసినవాళ్ళు ఆ శిక్షను గుర్తుపట్టారు. అది ఎవరికి పడే శిక్షో వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

దీని కంటే ముందే, చాలా దూరంగా, ఇటలీలో ఇదే పని జరిగింది. అక్కడ వీటిని 'పెప్లుం' సినిమాలంటారు. పాత గ్రీకు ఆడవాళ్ళ వస్త్రం పేరు అది, ఫ్రెంచి విమర్శకులు కాస్త వెక్కిరింతగా పెట్టిన పేరు. రోమన్ చెప్పులు, పొట్టి అంగీలు, కండలు, అట్ట స్తంభాలు. మన కత్తి సినిమాలకు పెత్తండ్రి బిడ్డలనుకోండి. 1958లో పియెత్రో ఫ్రాంచీషి తీసిన 'హెర్క్యులిస్'తో ఈ జాతర మొదలైంది. నాయకుడు స్టీవ్ రీవ్స్, 1950లో మిస్టర్ యూనివర్స్. 1959లో జోసెఫ్ లెవిన్ అనే వ్యాపారి దాన్ని అమెరికాలో వందల హాళ్ళలో ఒకేసారి దింపి డబ్బు చేసుకున్నాడు. 1964లో సెర్జియో లియోనె కౌబాయ్ సినిమా ఆడేసరికి నిర్మాతలంతా చెప్పులు విడిచి బూట్లు తొడిగారు. ఏడేళ్ళ ముచ్చట. ఈ సినిమాలు బాగా ఆడింది ఇటలీలో పల్లెల్లోనూ, పట్నాల అంచున మూడో చేతి ప్రింట్లు ఆడే చవక హాళ్ళలోనూ. దక్షిణాది నుంచి కూలికొచ్చిన రైతుకూలీలు చూశారు. చదువుకున్నవాళ్ళు నవ్వారు. ఇది మనకు తెలిసిన కథే.

మన వ్యాసానికి పనికొచ్చే మనిషి హెర్క్యులిస్ కాదు. వాడు దేవుడి కొడుకు, వాడి బలానికి పుట్టుకే కారణం. మనకు కావాల్సింది మాచిస్తే. 1914లో జొవాన్ని పాస్త్రోనే తీసిన 'కబీరియా' అనే మూకీలో మాచిస్తే ఒక రోమన్ పెద్దమనిషి దగ్గర బానిస. తిరగలికి గొలుసులతో కట్టేస్తే ఏళ్ళ తరబడి తిప్పుతాడు. చివరికి ఆ గొలుసు తెంపుకుంటాడు. ఆ వేషం వేసిన బర్తొలొమేయో పగానో నటుడు కాడు, జెనోవా ఓడరేవులో మూటలు మోసిన హమాలీ. మాచిస్తే ఆఫ్రికావాడు కాబట్టి అతని ఒంటికి నల్ల రంగు పూశారు. ఇటలీ అంతకు రెండేళ్ళ ముందే లిబియాను ఆక్రమించి ఉంది. అందుకే నమ్మకస్తుడైన నల్ల బానిసను చూపడం ప్రభుత్వానికీ ఇష్టమే అయి ఉంటుంది.

జనం మాత్రం దొరను మరిచిపోయి బానిసను పట్టుకున్నారు. సినిమా పేరు కబీరియా అయినా, హాల్లోంచి బయటికొచ్చినవాళ్ళు మాచిస్తే పేరే చెప్పుకున్నారు. అప్పుడు కంపెనీ ఏం చేసింది? మరుసటి ఏడు, 1915లో, 'మాచిస్తే' అనే పేరుతోనే సినిమా తీసింది. అందులో ఒంటి మీద నల్ల రంగు లేదు. బానిస కాదు, సూటు వేసుకున్న తెల్ల ఇటాలియన్. 1916లో కొండ దళం సైనికుడయ్యాడు. 1924కల్లా 'మాచిస్తే చక్రవర్తి' అనే సినిమా వచ్చింది. పదేళ్ళలో గొలుసు నుంచి సింహాసనం దాకా. రంగు కడిగేశాక గానీ వాణ్ణి ఎక్కనివ్వలేదు. 1960లో మళ్ళీ మాచిస్తే సినిమాలు మొదలైనప్పుడు కండలు తిరిగిన తెల్లవాళ్ళే ఆ వేషం కట్టారు. పుట్టుమచ్చ చూపించి రాజు కొడుకుని చెయ్యడం, రంగు కడిగి తెల్లవాణ్ణి చెయ్యడం రెండూ ఒక చేతి పనే అని నేను అంటున్నాను. కింది నుంచి ఒక వీరుడు వచ్చి జనం గుండెల్లో కూర్చుంటే, వాణ్ణి తీసెయ్యలేరు. అందుకని వాడి పుట్టుకను తీసేస్తారు.

ఇట్లా అంటే 'స్పార్టకస్' మాటేమిటని అడిగే మిత్రులుంటారు. హోవర్డ్ ఫాస్ట్ 1950లో జైలుకు పోయొచ్చి, ప్రచురణకర్తలు ముందుకు రాకపోతే 1951లో సొంతంగా అచ్చేసుకున్న నవల, మన కార్యకర్తల చేతుల్లో కూడా నలిగిన నవల. 1960 సినిమాలో స్పార్టకస్ బానిసగా పుట్టి బానిసల నాయకుడిగా చస్తాడు. క్రీ.పూ. 71లో తిరుగుబాటు అణిచేశాక కపువా నుంచి రోము దాకా దారి పొడుగునా 6,000 మందిని శిలువ వేశారు. ఆ సినిమా గొప్పదే. అయినా అందులో ద్రాబా అనే నల్ల వీరుడు ఉన్నాడు, వుడీ స్ట్రోడ్ వేశాడు. స్పార్టకస్‌ను పడగొట్టి కూడా చంపకుండా, చూస్తున్న రోమన్ దొరల మీదికి ఎక్కబోయినవాడు మొదట అతనే. అక్కడికక్కడే చంపి తలకిందులుగా వేలాడదీస్తారు. ఆ తర్వాత మిగతా సినిమా అంతా తిరుగుబాటు తెల్లవాడిది. తిరుగుబాటును మొదలుపెట్టిన నల్లవాడు రెండో ఆటకు లేడు.

అయితే నేల మీద కూర్చున్న మనవాళ్ళు ఈ మోసాన్ని ఎందుకు భరించారు? మూడు గంటలు ఎవడైతే మావాడనుకున్నామో, వాడు చివర్లో రాజు కొడుకని తేలితే ఎందుకు కుర్చీలు విరగ్గొట్టలేదు? (నేల మీద కుర్చీలు లేవు, అది వేరే సంగతి.) నాకు జవాబు సినిమాలో దొరకలేదు. సినిమా కంటే ముందున్న ఆటలో దొరికింది.

తెలంగాణ పల్లెల్లో రాజు వేషాన్ని మావాళ్ళు మొదట చూసింది టాకీసులో కాదు, చిందు ఆటలో. చిందోళ్ళు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగవాడల్లో వాళ్ళకు హక్కుగా రావాల్సింది ఉంటుంది. రాత్రంతా చెక్క కిరీటం, చెక్క భుజకీర్తులు, చేత కత్తి పట్టుకుని రాజై ఎగిరినవాడు పొద్దున సంచి పట్టుకుని గింజలకొస్తాడు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ, 2005లో చనిపోయింది, ఆడ వేషాలే కాదు మగ వేషాలు కూడా కట్టి మెప్పించింది. ఇట్లాంటి ఆటను ఏటేటా చూసినవాడికి కిరీటం ఏ చెట్టు చెక్కతో చేస్తారో తెలుసు. రాత్రి కృష్ణుడు పొద్దున ఎవరో తెలుసు. రాచరికం అనేది ఒంటికి తగిలించుకుని తీసేసే సామాను అన్న ఎరుక వాళ్ళకు పుస్తకాల్లోంచి రాలేదు.

చిందోళ్ళు తప్పక ఆడే ఆట ఒకటుంది, జాంబ పురాణం. అందులో జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదం పెట్టుకుంటాడు. భూమి పుట్టక ముందే పుట్టినవాణ్ణి, మీ అందరికంటే పెద్దవాణ్ణి అంటాడు. చూడండి, పుట్టుక ప్రశ్నకు మనవాళ్ళ దగ్గర ఎప్పటి నుంచో సొంత జవాబు ఉంది. ఆ జవాబులో తప్పిపోయిన రాజు కొడుకు లేడు. రాజు కంటే ముందున్నవాడు ఉన్నాడు. జాంబ పురాణం చూసి పెరిగిన కళ్ళకు, చివరి రీలులో బయటపడే పుట్టుమచ్చ ఎంత లెక్క?

నిరుడు సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నాయినను ఈ విషయమే మళ్ళీ అడిగాను. చివర్లో హీరో రాజు కొడుకని తేలినప్పుడు మీకు ఏమనిపించేది అన్నాను. ఆయన కాసేపు గుర్తుచేసుకున్నాడు.

"ఏమో బిడ్డా, అది సూసింది తక్కువ. కత్తి కొట్లాట అయిపోంగనే లేసి గుడ్డలు దులుపుకునేటోళ్ళం. నేల మీదోళ్ళమంత ఒక్క పారే లేస్తుంటిమి. పట్టాభిషేకం కుర్సీలోళ్ళు సూసేది. మాకు తెల్లారి బర్లు ఇప్పాలె గద. తొవ్వల కట్టె పట్టుకోని కాంతారావు లెక్క ఎగురుకుంట వస్తుంటిమి."

కాంతారావుది కోదాడ దగ్గర గుడిబండ, మా దిక్కే. మా వాడ మనిషి కాడు, ఆ సంగతి మా నాయినకూ తెలుసు. డేరా నుంచి మా వాడకు మూడు మైళ్ళు. చీకట్లో ఎవరి చేతిలో కట్టె ఉందో కనపడదు, కట్టెకు కట్టె తగిలిన చప్పుడు మాత్రం వినపడేదట. ఊరి మొగదలకు రాగానే అందరూ కట్టెలు పారేసి గప్‌చుప్‌గా దొడ్లల్లోకి పోయి పండుకునేవాళ్ళు.